గోత్రం లేని నక్షత్రం

గని కాలనీ,
14 మార్చి 1987

మామకు, అత్తమ్మకు సోమశేఖర్ నమస్కారాలు.

మామా, మీ కంటి ఆపరేషన్ బాగా జరిగిందని అమ్మ రాసింది. కట్టు విప్పేదాకా చదవడం, రాయడం కూడదన్నారట కాబట్టి ఈ ఉత్తరం విజయలక్ష్మే చదివి వినిపిస్తుందని తెలుసు. విజయలక్ష్మీ, నెమ్మదిగా చదువు. మధ్యలో నవ్వకు.

నాకూ విజయలక్ష్మికీ జరిగిన ప్రధానానికి నేను రాలేదని మీకు ఇంకా కోపం ఉండి ఉంటుంది. ఏం చేయను మామా, గని అడుగున ఉన్న మా యంత్రాన్ని వదిలి రావడానికి ఆ వారం నాకు బదులు మనిషి దొరకలేదు. కానీ ఆ రోజు ఎంత గొప్ప రోజో ఇప్పుడు తెలిసింది. అది చెప్పాలనే ఈ ఉత్తరం.

దక్షిణపు ఆకాశంలో ఒక పెద్ద నక్షత్రం చచ్చిపోయింది. పేపర్లో చూసే ఉంటారు. నక్షత్రం అంటే ఒక పొయ్యి అనుకోండి. కట్టెలున్నంత కాలం మండుతుంది. ఇంత పెద్ద నక్షత్రమైతే చివరికి దాని నడిమధ్య ఇనుము మిగులుతుంది. ఇనుము మండదు. మంట లేకపోతే పైబరువును ఆపే దిక్కు లేదు. రెప్పపాటులో ఆ నడిభాగమంతా తనలోకి తానే కూలిపోతుంది. అప్పుడు న్యూట్రినోలని కంటికి కనిపించని రేణువులు లెక్కలేనన్ని పుడతాయి. ఆ కూలడంలో పుట్టిన శక్తిలో నూటికి తొంభై తొమ్మిది పాళ్లు అవే పట్టుకుపోతాయి. మనం చూసే వెలుగు మిగిలిన పిసరంత. వెళుతూ వెళుతూ పైపొరలను నెట్టి నక్షత్రాన్ని పేల్చేది కూడా అవేనని మా పెద్దసారు నమ్మకం.

ఇంకో విచిత్రం ఏమిటంటే, అవి వెలుగు కన్నా ముందే మన దగ్గరికి వచ్చాయి. పెళ్లి ఊరేగింపు పురానాపూల్ వంతెన దగ్గర ఇరుక్కుంటే సందుల్లోంచి జారుకుని ముందే ఇంటికి చేరేవాళ్లు ఉంటారు చూడండి, అట్లా. వెలుగు నక్షత్రం పొరల్లో ఇరుక్కుని కొన్ని గంటలు ఆలస్యమైంది. న్యూట్రినోలకు అడ్డే లేదు. భూమిలోంచి కూడా దూరిపోతాయి. ఆ రోజు మన వైపుకు అట్లాగే, కింద నుంచి వచ్చాయి.

అవి ఎప్పుడు వచ్చాయో తెలుసా మామా? ఫిబ్రవరి ఇరవై మూడు, సోమవారం, ఒంటిగంట దాటాక. అంటే మీరంతా ప్రధానం ముగించుకుని బంతిలో కూర్చుని భోంచేస్తున్నప్పుడు. మీ విస్తళ్లలోంచి, మీ అందరిలోంచి, విజయలక్ష్మిలోంచి లక్షల కోట్లు దూసుకుపోయాయి. అదే క్షణంలో గని అడుగున నాలోంచి కూడా. నేను అక్కడ లేనని ఎవరన్నారు?

ఆకాశం నుంచి వచ్చే రేణువుల కోసం గనిలో కట్టిన మా యంత్రంలో ఇవేమైనా పడ్డాయేమోనని, అది రాసిపెట్టిన పాత టేపులన్నీ వెతుకుతున్నాం. సెలవు మే మొదటి వారంలో గానీ దొరకదు. పెళ్లి పదో తారీఖున కాబట్టి సమయానికి వచ్చేస్తాను.

మీ అల్లుడు కాబోతున్న మేనల్లుడు,
సోమశేఖర్


కార్వాన్,
20 మార్చి 1987

సోమశేఖర్‌కు మామ వైకుంఠం దీవెనలు. అందరం క్షేమమని రాయించాలని ఉంది గానీ, నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి ఆ మాట నోట రావడం లేదు.

(బావా, బాపు చెబుతుంటే నేను రాస్తున్నాను. ఆయన మాటలు నేను కాస్త పుస్తకం భాషలోకి మారుస్తున్నా. బ్రాకెట్లలో ఉన్నవి మాత్రం నావి.)

నీ ఉత్తరం దుకాణంలో గద్దె మీద కూర్చుని చదివించుకున్నాను. చింతపండు బేరానికి వచ్చినవాళ్లు, రామ్‌చందర్ సేట్, మన పంతులు అందరూ విన్నారు. మొదట్లో బాగుంది. నువ్వు చదువుకున్న పిల్లవాడివని అందరూ తలలూపారు. విస్తళ్ల దగ్గరికి వచ్చేసరికి పంతులు లేచి నిలబడ్డాడు.

ఇంట్లోకి వెళ్లి మీ అత్తమ్మకు చెప్పాను. ఆమె చేతిలో చాట కింద పెట్టేసింది.

"అన్నం తింటుండగ సావు కబురొస్తే ఇస్తరి ముంగట్నించి లేవాలె గదా. మనం లేవకపోతిమి. పాయసం గూడ మల్లొకసారి ఏయించుకుంటిమి. గిదేంది గిట్లయింది?"

నేనేం చెప్పను? చావు కబురు బంతి నడుమకు వచ్చిందని నువ్వే రాశావు. అందరిలోంచీ దూసుకుపోయిందన్నావు. పెళ్లికూతుర్ని కూడా వదలలేదన్నావు. పైగా గొప్ప రోజు అన్నావు. (ఇక్కడ బాపు గద్దె చరిచాడు. అది ఎట్లా రాయాలో తెలియక ఇట్లా రాశా.)

సూర్యుడి నుంచి కూడా ఇటువంటివే ఏవో వస్తాయని నీ మేనమరదలు నాకు నచ్చజెప్పబోయింది, ఏదో పుస్తకంలో చదివిందట. సూర్యుడు బతికున్నవాడు. బతికున్నవాడు ఏం పంపినా దీవెనే. చచ్చినవాడి దగ్గర్నుంచి వస్తే మైల. ఈ మాత్రం తేడా కార్వాన్‌లో అందరికీ తెలుసు.

మైల పట్టిన పూట జరిగిన ప్రధానం చెల్లుతుందా లేదా అని పంతులును అడిగాను. ఆయన కొన్ని ప్రశ్నలు వేశాడు. చనిపోయిన నక్షత్రం గోత్రం ఏమిటి? మనకు గానీ మీకు గానీ ఏమవుతుంది? పోయి ఎన్నాళ్లయింది? అది సప్తర్షుల్లో ఒకటి కాదు కదా? ముఖ్యంగా అరుంధతి కాదు కదా? అరుంధతే పోతే పెళ్లినాడు పెళ్లికూతురికి ఏం చూపిస్తామని ఆయన బెంగ. వీటికి జవాబు వచ్చేదాకా పెళ్లి పనులు ముందుకు కదలవు.

ఇంకొక మాట. మే మొదటి వారం దాకా సెలవు లేదంటున్నావు. అమ్మమ్మ పోయిందని, తాత పోయాడని పెళ్లి వాయిదా వేసుకున్నవాళ్లను చూశాను. నక్షత్రం పోయిందని నీళ్లు నమిలే పెళ్లికొడుకును ఇప్పుడే చూస్తున్నాను.

ఇట్లు,
వైకుంఠం

(బావా, నేను చదివేటప్పుడు నవ్వలేదు. ఇప్పుడు నవ్వు రావడం లేదు కూడా.)


గని కాలనీ,
25 మార్చి 1987

మామకు నమస్కారాలు.

మీ ఉత్తరం చూసి రెండు పూటలు అన్నం సయించలేదు. నేను ఏదో మురిపెంగా రాశాను. అది ఇంత లొల్లి తెస్తుందని కల్లో కూడా అనుకోలేదు.

పంతులుగారి ప్రశ్నలకు జవాబులు రాస్తున్నాను. అది అరుంధతి కాదు. సప్తర్షుల్లో ఏదీ కాదు. వాళ్లంతా ఉత్తరం వైపు క్షేమంగా ఉన్నారు. ఈ నక్షత్రం మన పాలపుంతకు పక్కన ఉన్న ఇంకో చిన్న నక్షత్రాల గుంపులోది. జాబితాలో ఒక అంకె తప్ప దానికి పేరు లేదు. గోత్రం అసలే లేదు. నాకు గానీ మీకు గానీ ఏమీ కాదు. పోయి దాదాపు లక్షా అరవై వేల ఏళ్లయింది. అంత దూరం నుంచి కబురు రావడానికి అంతకాలం పట్టింది, అంతే. అది పోయినప్పుడు కార్వాన్ లేదు, మూసీ ఒడ్డున ఒక్క ఇల్లు లేదు, పంచాంగం లేదు.

ఇంకొకటి కూడా పంతులుగారికి చెప్పండి. న్యూట్రినో దేన్నీ తాకదు. మనలోంచి పోయింది అంటే గోడకు రంధ్రం చేసుకుని పోయినట్టు కాదు. మనం ఉన్నామని కూడా దానికి తెలియదు. అంటు అనేది తాకితే కదా వచ్చేది? తాకనిదానికి అంటు ఎక్కడిది? ఈ మాట ఆయన శాస్త్రంలోనే ఉండి ఉంటుంది.

ఇక సెలవు సంగతి. నేను నీళ్లు నమలడం లేదు మామా. లోకంలో ఎక్కడెక్కడో ఇటువంటి యంత్రాలు పెట్టుకుని కూర్చున్నవాళ్లంతా ఇప్పుడు తమ టేపులు తిరగేస్తున్నారు. కళ్లారా చూడగలిగేంత దగ్గరలో నక్షత్రం పేలి నాలుగు వందల ఏళ్లు కావస్తోంది. మేము ఈ గనిలో మైలు కన్నా లోతున, ఆ ఉక్కలో కూర్చున్నది ఏదో ఒకరోజు ఏదో ఒకటి వస్తుందనే. వచ్చినప్పుడు వదిలి రావడం ఎట్లా?

ఒకమాట సూటిగా అడుగుతాను. మీకు వేరే సంబంధం ఏదైనా మనసులో ఉందని, అందుకే ఈ నక్షత్రాన్ని అడ్డం పెట్టుకున్నారని అమ్మ అంటోంది. నాకైతే నమ్మబుద్ధి కావడం లేదు. కానీ ఉంటే చెప్పేయండి.

సోమశేఖర్


కార్వాన్,
2 ఏప్రిల్ 1987

సోమశేఖర్‌కు మామ దీవెనలు. ఉగాది పచ్చడిలో ఈసారి చేదు ఎక్కువైంది. ఎందుకో నీకు తెలుసు.

వేరే సంబంధమా? నువ్వు ఆ మాట రాయగలిగావంటే ఆ గనిలో గాలి బాగాలేదన్నమాట. మీ అమ్మ, అదే మా రాజమణక్క, ఉగాది నాడే బహదూర్‌పురా నుంచి ఆటో కట్టించుకుని వచ్చింది. గడప దాటకముందే మొదలుపెట్టింది.

"ఏందిరా తమ్మీ, చుక్క సచ్చిందని నా కొడుకుకు పిల్లనియ్యవా? తప్పించుకుంటానికి ఎన్ని బహానాలు ఇన్నగనీ గిట్లాంటిది ఇనలే."

"నేను చంపిన్నా అక్కా ఆ చుక్కను? నీ కొడుకే రాసె," అన్నాను.

అక్కయ్య మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయింది. ఇదంతా నీ ఉత్తరం మహిమ. (అత్త నీళ్లు తాగింది బావా. వంటింట్లో నేనే ఇచ్చాను. బాపుకు చెప్పలేదు.)

అయితే పంతులు నీ జవాబులు విని శాంతించాడు. ఏడాది దాటిన చావు కబురైతే విన్నవాళ్లు తలస్నానం చేస్తే చాలునట. లక్షా అరవై వేల ఏళ్లకు ప్రత్యేకంగా ఏమీ రాసిలేదు గానీ, అదే లెక్క అన్నాడు. తాకనిదానికి అంటు లేదన్న మాట ఆయనకు మరీ నచ్చింది. ఇద్దరు ముగ్గురికి తన మాటగా చెప్పాడు కూడా. కాబట్టి ఆ ముక్క తెగింది.

కానీ తాకదు అన్నావు చూడు, దానితో ఇంకో తంటా వచ్చింది. రామ్‌చందర్ సేట్ ఇనుప సామాను దుకాణం మన వరసలోనే కదా. నీ ఉద్యోగం ఏమిటని అడిగాడు.

"పైన ఆస్మాన్ల నుంచి వచ్చేటివి పట్టుకునే నౌకరీ," అన్నాను.

"ఎన్ని పట్టిండు?"

"ఇంకా ఒక్కటి పట్టలే."

"మరి పట్టుకుంటానికి అవి దేనికన్న తలుగుతయా?"

"తలుగవట."

ఆయన నా ముఖంలోకి చూశాడు. పిల్లనిస్తున్నందుకు నన్ను పరామర్శించేటట్టు చూశాడు. ఆ చూపు నేను మరిచిపోలేకపోతున్నాను. దేన్నీ తాకనిదాన్ని యంత్రంతో పట్టుకోవడం ఏమిటి? జీతం ఇచ్చేవాళ్లకు ఈ సంగతి తెలుసా? తెలిసి ఇస్తున్నారా?

ఇంకొక ఆలోచన కూడా ఉంది. ఒక నక్షత్రం ప్రధానం నాడు పోయింది. ఇంకొకటి పెళ్లినాడు పోదని ఏముంది? ఆ రోజు కబురు కింద నుంచి వచ్చిందని, భూమిలోంచి దూరి వచ్చిందని నువ్వే అన్నావు. పందిరి కింద సీసపు రేకులు పరిపిస్తే ఆగుతుందా? రామ్‌చందర్ సేట్ దగ్గర పావు అంగుళం మందం దాకా ఉన్నాయి. అంతకన్నా మందం కావాలంటే తెప్పిస్తానన్నాడు.

సూటిగా చెప్పు. అవి ఎప్పుడైనా ఎక్కడైనా ఆగుతాయా, ఆగవా? ఆగవంటే నీ ఉద్యోగం లేదు. ఆగుతాయంటే అంటు ఉంది.

వైకుంఠం

(బాపు ఈ ప్రశ్న తయారుచేయడానికి ఒక రాత్రంతా మేలుకున్నాడు. జాగ్రత్తగా జవాబు రాయి.)


గని కాలనీ,
8 ఏప్రిల్ 1987

మామకు నమస్కారాలు.

మీ ప్రశ్న మా పెద్దసారుకు చూపించాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, ఇంత బాగా ఈ ప్రశ్న ఎవరూ అడగలేదన్నాడు.

అబద్ధం చెబితే నా పని సులువయ్యేది. అవి ఆగవని రాసి ఊరుకుంటే మీరు శుభలేఖలు పంచుకునేవారు. కానీ ఈ గనిలో కూర్చున్నది నిజం కోసమే కాబట్టి నిజమే రాస్తున్నాను. అవి ఆగుతాయి. ఎప్పుడో, ఎక్కడో, కోటానుకోట్లలో ఒకటి. ఆ సోమవారం జపాన్‌లో ఒక గనిలో పెట్టిన నీళ్ల తొట్టిలో డజను లోపు ఆగాయి. అమెరికాలో ఇంకో తొట్టిలో అంతకన్నా తక్కువ. లోకమంతా ఇప్పుడు వాటి గురించే మాట్లాడుకుంటోంది. నక్షత్రం ఎట్లా కూలుతుందని కాగితం మీద ఊహించుకున్నారో అట్లాగే కూలిందని ఆ నాలుగు గింజలే సాక్ష్యం చెప్పాయి.

మనిషి ఒళ్లూ ఎక్కువగా నీళ్లే. లోకంలో ఉన్న మనుషులందరినీ లెక్కేస్తే, అయిదు వేల మందిలో ఒకరికి, ఒక్కటి, ఒంట్లో ఆగి ఉంటుందని ఒక అంచనా. ఆగినా ఏమీ కాదు. తెలియను కూడా తెలియదు. ప్రధానం బంతిలో కూర్చున్నది అయిదు వేల మంది కాదు కదా, కాబట్టి బెంగ వద్దు.

సీసపు రేకులు కొనకండి. కాంతి ఏడాదంతా ప్రయాణం చేసే దూరం ఎంతో, అంత మందంగా సీసం పేర్చినా వాటిలో సగం ఇవతలికి వచ్చేస్తాయి.

మా టేపులు చూడటం అయిపోయింది. వాటిలో ఏమీ లేదు. మా యంత్రం ఇనుప గొట్టాలది, ఇంకా గట్టి దెబ్బలను పట్టుకునేందుకు కట్టినది. వచ్చినవి దానికి ఆనేంత గట్టివి కావు. అది ముందే తెలుసు. అయినా ఆశ ఉండింది. మామా, అన్నేళ్లు గుమ్మంలో కూర్చుని, చుట్టం వచ్చి పోయాక తెలిసినట్టుంది.

విజయలక్ష్మీ, ఈ కింది ముక్క బయటికి చదవకు. మామ నిజంగానే పెళ్లి ఆపేస్తారా? నీకేమనిపిస్తోంది? బ్రాకెట్లలో వంటిల్లు, గద్దె, నవ్వు అన్నీ రాస్తావు. నీ మనసు ఒక్కటే రాయవు.

సోమశేఖర్


కార్వాన్,
15 ఏప్రిల్ 1987

సోమశేఖర్‌కు,

నీ ఉత్తరం చివర్లో సిరా అలుక్కుపోయిందని విజ్జి చదవడం ఆపేసింది. మంచి సిరా కొనుక్కో. జీతం ఇస్తున్నారు కదా.

అయిదు వేల మందిలో ఒకరికి ఆగిందని రాశావు. ఆ ముక్క విన్న క్షణం నుంచి మీ అత్తమ్మ నాగమణమ్మ మోకాలు పట్టుకుని కూర్చుంది.

"గా దినం బంతిల నెయ్యి ఒడ్డిస్తుంటే మోకాల్ల సుర్రుమన్నది. నెయ్యి గిన్నె జారె. యాదికుందా మీకు? నాకే ఆగింది."

గిన్నె జారిన మాట నిజమే. నేను చూశాను. మోకాలి నొప్పి పెద్దపిల్ల పుట్టినప్పటి నుంచి ఉన్నదేనని నేను అంటే, అప్పటిది ఎడమ మోకాలు, ఇది కుడి మోకాలు అంటోంది. (రెండూ ఎడమవే బావా. కానీ అమ్మను ఏమీ అనకు.)

ఇప్పుడు కార్వాన్ అంతా తెలిసిపోయింది. ఆడవాళ్లు పళ్లు తీసుకుని చూడటానికి వస్తున్నారు. ఒకామె పసిపిల్లను మోకాలికి తాకించుకుపోయింది. మీ అత్తమ్మ పీట వేసుకుని వాకిట్లోనే కూర్చుంటోంది. నలభై ఏళ్ల కాపురంలో ఆమెను ఇంత సంతోషంగా నేను చూడలేదు. అదే నా బాధ. ఎందుకంటే పంతులు మళ్లీ మొదటికి వచ్చాడు. దూసుకుపోతే అంటు లేదు గానీ, ఆగితే తాకినట్టే. తాకితే మైలే. స్నానం చేసినా బయటిది పోతుంది, లోపల ఆగినది ఎట్లా పోతుంది? కన్యాదానం చేసే తల్లి మోకాల్లో చావు కబురు పెట్టుకుని పీటల మీద ఎట్లా కూర్చుంటుంది?

నేను ఆమెను బతిమాలాను. ఆగలేదని ఒక్కమాట అను, పెళ్లి అయిపోతుంది అన్నాను.

"ఆగినదాన్ని ఆగలేదని ఎట్లంట? మనల్ని ఎతుక్కుంట గంత దూరం నుంచి వచ్చింది. నేను కాదంటే దానికి ఎవలున్నరు?"

నేను చెప్పులు వేసుకుని దుకాణానికి వెళ్లిపోయాను.

శుభలేఖలు అచ్చు వేయవద్దని ప్రెస్సువాడికి కబురు పంపాను. కోపంతో చేసిన పని కాదు. ఏం చేయాలో తోచక చేశాను. సీసపు రేకులు మాత్రం నీ ఉత్తరం రాకముందే కొనేశాను. వాకిట్లో పేర్చి ఉన్నాయి.

మీ అమ్మకు ఈ సంగతి నువ్వే రాయి. నాకు ధైర్యం లేదు.

వైకుంఠం

(బావా, నువ్వు అడిగినదానికి జవాబు రాద్దామని కూర్చున్నా. బాపు పక్కనే ఉన్నాడు. ఎన్ని అక్షరాలు రాశానో కలం చప్పుడును బట్టి కనిపెడుతున్నాడు.)


గని కాలనీ,
21 ఏప్రిల్ 1987

మామా,

శుభలేఖలు ఆపేశారని చదివి మూడుసార్లు కాగితం మడిచి మళ్లీ విప్పాను. విజయలక్ష్మి చేతిరాతతోనే ఆ మాట రావడం ఇంకా కష్టంగా ఉంది.

అత్తమ్మకు ఆగిందో లేదో నాకు తెలియదు. నాకే కాదు, ఎవరికీ తెలియదు. ఆగిందని నిరూపించలేం, ఆగలేదనీ నిరూపించలేం. మా పెద్దసారు కూడా, ఆమెకు ఆగి ఉండవచ్చు, నాకేం తెలుసు అన్నాడు. ఆమె కాదనకపోవడం నాకు కోపం తెప్పించలేదు. పైగా, ఆ నక్షత్రానికి ఎవరున్నారని ఆమె అన్నమాట చదివి సిగ్గుపడ్డాను. మేమంతా దాన్ని అంకెతో పిలుస్తున్నాం. ఎన్ని రేణువులు, ఎంత శక్తి అని లెక్కలు వేస్తున్నాం. అయ్యో పాపం అన్నది ఈ లోకంలో అత్తమ్మ ఒక్కతే.

నిజం చెప్పనా మామా? అది తన దగ్గరున్నదంతా దారిలో పోయేవాళ్లందరికీ పంచిపెట్టి పోయింది. ఎవరూ చూసుకోలేదు. మా యంత్రమూ చూసుకోలేదు. అక్కడ మీకు అది కనిపించను కూడా కనిపించదు. దక్షిణ దిక్కున, నేలకు ఆనుకుని ఉంటుంది. మీ వైపు చెట్లూ మిద్దెలూ దాటి పైకి రానే రాదు.

ఈ సంవత్సరం నేను ఎదురుచూసినవి రెండే. ఒకటి నాలోంచే దూసుకుపోయింది, నాకు తెలియనే లేదు. రెండోది కూడా అట్లా పోతే నేను తట్టుకోలేను. నక్షత్రం సంగతి వదిలేయండి, నా ఉద్యోగం సంగతి వదిలేయండి. పనికిరానిదంటే పనికిరానిదే. నాకు విజయలక్ష్మి కావాలి. ఈ మాట ఆమెతోనే చదివించుకుని వినండి. ఈసారి సిరా అలుక్కుపోలేదు.

సోమశేఖర్


కార్వాన్,
29 ఏప్రిల్ 1987

సోమశేఖర్‌కు మామ వైకుంఠం దీవెనలు.

కంటి కట్టు విప్పారు. ఈ ఉత్తరం నా చేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే కొత్త కన్ను అనుకో.

నీ ఉత్తరం విజ్జి చదివింది. చివరి ముక్క దగ్గర కాగితం మడిచేసింది. ఆమె చేతిలోంచి తీసుకుని పంతులుకు ఇచ్చాను. గట్టిగా చదువుతూ చదువుతూ ఆయన దక్షిణ దిక్కు అన్నచోట ఆగాడు.

"దక్షిణమా?"

"గట్లనే రాసిండు," అన్నాను.

"పేరు లేదు, గోత్రం లేదు, అడిగెటోడు లేడు, దక్షిణం దిక్కున ఉన్నది. అరె వైకుంఠం, మనం ఇన్ని దినాలు మైల మైల అని కొట్టుకుంటున్నం. అది మైల తేలే. నీళ్లడుగుతున్నది."

దిక్కులేనివాళ్లకు దక్షిణం తిరిగి నువ్వులూ నీళ్లూ వదలడం మన పద్ధతిలో ఉన్నదే. అట్లా దయతలచి వదిలినదానికి మైల లేదు, ఏడాది పట్టింపు లేదు. పైగా పుణ్యం. ఆగినది నీళ్లు అందుకుంటే పోతుందని, పోవలసిన చోటికి అదే పోతుందని పంతులు అన్నాడు. ఎట్లా తెలుసని నేను అడగలేదు. నీ పెద్దసారును నువ్వు ఎన్ని అడిగి ఉంటావు?

నిన్న అమావాస్య. పెరట్లో దక్షిణం వైపు తిరిగి కూర్చున్నాను. మీ అత్తమ్మ తలస్నానం చేసి, నువ్వులు తానే తెచ్చి నా చేతిలో పోసింది. కబురు అందుకున్నది ఆమె కాబట్టి ఆమె పోయాలన్నాడు పంతులు. గోత్రం చెప్పవలసిన చోట ఆయన తడుముకుంటే, మన గోత్రమే చెప్పమన్నాను. ఎవరిదో ఒకరిది ఉండాలి కదా. పేరు దగ్గర నువ్వు రాసినట్టు అంకె చెబుదామంటే ఎవరికీ గుర్తు రాలేదు. ప్రధానం నాడు వచ్చిన చుట్టం అన్నాను. నీళ్లు వదిలాక మీ అత్తమ్మ లేచి నిలబడి, మోకాలు వంచి చూసుకుని, "పోయింది," అంది. తర్వాత కళ్లు తుడుచుకుంది. నొప్పి తగ్గినందుకో, చుట్టం వెళ్లిపోయినందుకో నేను అడగలేదు.

శుభలేఖలు మళ్లీ వేయమన్నాను. రాజమణక్క ఇంటికి నేనే పోయి కాళ్లు పట్టుకుని వచ్చాను. సీసపు రేకులు చింతపండు బస్తాల కింద వేయించాను, చెమ్మ పట్టకుండా. పందిరి కింద ఏమీ వద్దు. వచ్చేవాళ్లను రానీ.

నీ ఉద్యోగం పనికిరానిదని రాశావు. అది నాకు నచ్చలేదు. మా బాపు పోయినప్పటి నుంచి ప్రతి అమావాస్యకూ నేను నీళ్లు వదులుతున్నాను. ముట్టిందని ఇంతవరకు ఏ కబురూ రాలేదు. అయినా మానలేదు. నువ్వు చేస్తున్నది కూడా ఇటువంటి పనేనని ముందే చెప్పి ఉంటే ఇంత లొల్లి ఉండేది కాదు. రామ్‌చందర్ సేట్‌కు కూడా అట్లాగే చెప్పాను. ఆయన ఈసారి నన్ను పరామర్శించలేదు.

ముహూర్తం పొద్దున పది దాటాక. పంతులు ఆకాశంలోకి చెయ్యి చూపించి అదిగో అరుంధతి అంటాడు. మా పెళ్లినాడు మీ అత్తమ్మ కూడా పట్టపగలు చూశాననే అంది. అది అయ్యాక నువ్వు విజ్జికి కింద, నేలలోకి, దక్షిణం వైపు ఒకసారి చూపించు. ఎవరైనా అడిగితే నేను చెప్పుకుంటాను. అదీ మన చుట్టమేనని చెబుతాను.

త్వరగా రా.
మామ

(బావా, బాపు ఉత్తరం డబ్బాలో వేయమని నాకే ఇచ్చాడు. అంటించేముందు రాస్తున్నా. అందరూ అమ్మకే ఆగిందంటున్నారు. ఆ రోజు బంతిలో నేను అమ్మ వెనకే నిలబడి ఉన్నా. నీ మొదటి ఉత్తరం చదివిన రోజే నాకు తెలుసు, ఆగింది నాకేనని. ఎవరికీ చెప్పలేదు. చెబితే నీళ్లు వదిలి పంపించేస్తారు.)